‘ఖాళీగానే ఉన్నావు కదా’ అనిపించుకున్న ఏడాది

2024 జూన్ 4న వైద్య విద్య ప్రవేశ పరీక్ష నీట్ ఫలితాలు వచ్చిన రాత్రి మా ఇంట్లో ఎవరికీ ఏమనాలో తోచలేదు. 720కి 548 మార్కులు వచ్చాయి. ఇంట్లో రాసుకున్న మాదిరి పరీక్షల్లో నాకెప్పుడూ అన్ని రాలేదు కాబట్టి ఒక నిమిషం సంతోషించాను కూడా. ర్యాంకు చూశాక ఆ సంతోషం ఆగిపోయింది. లక్ష దాటిన ర్యాంకుతో, రిజర్వేషన్ లేని అభ్యర్థికి ప్రభుత్వ కళాశాలలో సీటు రాదని లెక్క వేయడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఆ ఏడాది మొదట ప్రకటించిన ఫలితాల్లో 67 మందికి మొదటి ర్యాంకు రావడం, 1,563 మందికి కలిపిన మార్కుల మీద గొడవ, ప్రశ్నపత్రం ముందే బయటికొచ్చిందన్న ఆరోపణ, అన్నీ కోర్టుకెక్కాయి. పరీక్షను రద్దు చేయనక్కర్లేదని జూలై 23న సుప్రీంకోర్టు తేల్చేవరకు, అంటే ఏడు వారాల పాటు, మళ్లీ పెడతారేమోనన్న ఆశతో పుస్తకాలు అటక ఎక్కించలేదు, పెట్టరేమోనన్న దిగులుతో వాటిని సరిగ్గా తెరవనూ లేదు. నా గ్యాప్ ఇయర్‌లో మొదటి రెండు నెలలు ఏ లెక్కలోకీ రాకుండా అలా పోయాయి.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. పదో తరగతి వరకు ఇక్కడే ఒడియా బోర్డులో చదివి, ఇంటర్ బైపీసీ కోసం శ్రీకాకుళం వెళ్లి రెండేళ్లు హాస్టల్లో ఉన్నాను. మా వైపు పిల్లలు చాలామంది చేసే పనే అది. ఆ హాస్టల్ ఖర్చు తీరేసరికే నాన్న దగ్గర ఇక మిగిలిందేమీ లేదు. ఆయన బియ్యం మిల్లులో గుమాస్తా. విశాఖపట్నంలో లాంగ్ టర్మ్ కోచింగ్ అంటే మళ్లీ అంతకు రెట్టింపు డబ్బు కావాలి. అందువల్ల ఇంట్లోనే ఉండి, ఆన్‌లైన్‌లో ఒక టెస్ట్ సిరీస్ మాత్రం కొనుక్కుని, మరొక్కసారి రాస్తానని ఆగస్టు మొదటి వారంలో చెప్పాను. నాన్న ఒప్పుకున్నారు. అమ్మ మాత్రం ఏదైనా డిగ్రీలో పేరు నమోదు చేసుకుని పక్కన చదువుకోమంది.

డిగ్రీలో చేరకపోవడానికి నేను చెప్పుకున్న కారణం హాజరు. అసలు కారణం ఒరిజినల్ సర్టిఫికెట్లు. కళాశాలలో చేరిన రోజున మార్కుల పత్రాలు, టీసీ తీసుకుని బీరువాలో పెడతారు. ఏడాది మధ్యలో కౌన్సెలింగ్‌కు కావాలని అడిగితే మిగిలిన సంవత్సరాల ఫీజు కట్టమన్న కథలు మా సీనియర్ల దగ్గర విన్నాను. ‘నేను డ్రాపర్‌ని’, అంటే మళ్లీ పరీక్ష రాయడానికి ఏడాది ఆగినదాన్ని, అని నలుగురిలో చెప్పుకోవడం కష్టంగానే ఉంటుంది. కానీ నా కాగితాలు నా దగ్గర ఉండటం ముఖ్యమనుకున్నాను. ఈ విషయంలో నా జాగ్రత్త మరో చోట ఎలా బెడిసికొట్టిందో తరువాత చెబుతాను.

ఇంట్లో కూర్చుని చదువుకునే పిల్ల అంటే చుట్టుపక్కల వాళ్ల దృష్టిలో పని లేని పిల్ల. కళాశాలకు వెళ్లేవాళ్లకు సమయం ఉండదు, ఉద్యోగం చేసేవాళ్లకు తీరిక ఉండదు, నాకు రెండూ ఉన్నట్టే లెక్క. ‘ఏటమ్మా, ఖాళీగానే ఉన్నావు గదా, ఒక్కపాలి బేంకుకి ఎళ్లొచ్చీ’ అని పక్కింటి పెద్దమ్మ పాసు పుస్తకం చేతిలో పెట్టేది. గ్యాస్ సిలిండర్ వచ్చినప్పుడు నాలుగిళ్ల తాళాలు నా దగ్గరే ఉండేవి. పాతపట్నంలో ఉన్న చిన్నాన్న కొడుకు ఆధార్ మార్పు, మేనత్త కూతురి పెళ్లికి కార్డులు పంచడం, మామ్మకు మందులు, అన్నీ నా చుట్టూ తిరిగేవి. ఒక్కొక్కటీ అరగంట పనే. కాదనడానికి మొహమాటం, అవుననడానికి కోపం. ఆగస్టు నెలాఖరున ఆ నెలలో ఎన్ని గంటలు చదివానో నోట్‌బుక్‌లో కూడి చూసుకుంటే, రోజుకు పది గంటలనుకున్నది సగటున నాలుగున్నర దగ్గర ఆగింది.

విచిత్రమేమిటంటే, నాకు కాస్త క్రమం వచ్చింది మరో పని ఒప్పుకున్న తరువాతే. ఇంటికి దగ్గర్లోని ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో ఆరు, ఏడు తరగతులకు సైన్సు చెప్పే టీచరు మధ్యలో మానేసింది. ఉదయం ఎనిమిది నుంచి పన్నెండున్నర వరకు, నెలకు 6,000 రూపాయలు, మార్చిలో వార్షిక పరీక్షలు అయ్యేవరకు మానకూడదన్న షరతు. నీట్ రాసే పిల్ల పొద్దుటిపూట నాలుగున్నర గంటలు ఎలా వదులుకుంటుందని నాకు పాఠాలు చెప్పిన లెక్చరర్ ఒకాయన ఫోనులో మందలించారు. ఆయన మాట న్యాయమే. కానీ పనికి వెళ్లే పిల్లను ఎవరూ బ్యాంకుకు పంపరు. మధ్యాహ్నం ఇంటికొచ్చాక ‘స్కూలు నుంచి ఇప్పుడే వచ్చింది, పడుకోనీ’ అని అమ్మే నలుగురికీ చెప్పేది. ఆ పడుకోనిచ్చిన వేళల్లోనే నేను చదువుకున్నాను. తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఏడు వరకు ఫిజిక్స్, మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి ఎనిమిదిన్నర వరకు మిగిలినవి, మధ్యలో మామ్మ పని. టెస్ట్ సిరీస్ డబ్బు, పుస్తకాల డబ్బు, ఆ తరువాత కౌన్సెలింగ్‌కు కట్టిన డబ్బు ఆ జీతంలోనివే.

మామ్మ పని అంటే కాలి పుండుకు కట్టు కట్టడం. ఆమెకు షుగరు వచ్చి పదిహేనేళ్లు దాటింది. కుడి బొటనవేలి కింద చెప్పు ఒరుసుకుని అయిన గాయం సెప్టెంబరులో రూపాయి బిళ్లంత పుండై, అంచులు తెల్లగా మందం కట్టాయి. జిల్లా ఆసుపత్రిలో నర్సమ్మ మూడుసార్లు చేసి చూపించింది, నాలుగోసారి నాతో చేయించింది. రోజు విడిచి రోజు చేతులు సబ్బుతో కడుక్కుని, పాత కట్టు సెలైన్‌తో తడిపి మెల్లగా విడదీసి, పుండును సెలైన్‌తో కడిగి, శుభ్రమైన గాజ్ (పలచని కట్టు) గుడ్డ వేసి రోలర్ బ్యాండేజ్ చుట్టాలి. తొందరపడి ఎండిన గుడ్డను లాగితే కొత్తగా వచ్చిన ఎర్రటి కండ కూడా దానితో పాటే ఊడి వస్తుంది. మొదటిసారి అలాగే లాగాను. రక్తం వచ్చింది, మామ్మకు మాత్రం తెలియలేదు. ‘నొప్పి నేదు కదమ్మా, ఏటవుతాది’ అంటూ కిటికీలోంచి వీధిలోకి చూస్తూ కూర్చుంది. షుగరు వల్ల కాలి నరాలకు స్పర్శ పోతే ఆ నొప్పి లేకపోవడమే పెద్ద ప్రమాదమని పుస్తకంలో చదువుకున్నదాన్నే, కానీ ఆ రోజున ఆ గిన్నెలో నీళ్లు ఎర్రబడటం చూశాక అది చదువుగా మిగల్లేదు. ప్రతి ఆదివారం పలచని ప్లాస్టిక్ కాగితం మీద పుండు అంచును స్కెచ్ పెన్నుతో గీసి తేదీ వేసేదాన్ని. నవంబరు నాటికి ఏడు గీతలు ఒకదాని లోపల ఒకటి చెట్టు మొదలు కోసినట్టు కనిపించేవి. ఈ పనికి నలభై నిమిషాలు పట్టేది. దీన్ని నేను ఎవరికీ అప్పజెప్పాలనుకోలేదు. మిగిలినవన్నీ వదిలించుకోవడం నేర్చుకున్నది దీన్ని ఉంచుకోవడానికే.

దరఖాస్తు సంగతికి వస్తే, నీట్‌కు దరఖాస్తు అంటే ఫిబ్రవరిలో కంప్యూటర్ ముందు కూర్చుని నింపే ఫారం అనుకుంటారు చాలామంది. లోపలి జిల్లాల పిల్లలకు అంతే కావచ్చు. సరిహద్దు ఊళ్లో పుట్టిన వాళ్లకు అది అంతకు నాలుగు నెలల ముందు మొదలు కావాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్నం ఒడిశాలోకి వచ్చింది, ఆటో దూరంలో ఉన్న పాతపట్నం అప్పటి మద్రాసు వైపు ఉండిపోయింది. మా తాత అన్నదమ్ములు ముగ్గురూ ఆ గీతకు అటూ ఇటూ ఉండిపోయారు. పెళ్లిళ్లకు, పండగలకు ఆ గీత ఎవరికీ కనిపించదు. సర్టిఫికెట్ల కోసం వెళితే తప్ప.

నా పరిస్థితి ఇది. ఆంధ్రప్రదేశ్‌లో స్థానిక అభ్యర్థి అనిపించుకోవాలంటే అర్హత పరీక్షతో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు అక్కడ చదివి ఉండాలి. నేను చదివింది ఇంటర్ రెండేళ్లే కాబట్టి అక్కడ స్థానికురాలిని కాను. ఒడిశాలోనేమో 85 శాతం రాష్ట్ర కోటా సీట్లకు రాష్ట్ర ప్రవేశాల సంస్థ ఓజేఈఈ జరిపే కౌన్సెలింగ్‌లో పాల్గొనాలి. ప్లస్ టూ రాష్ట్రం బయట చదివినందువల్ల నేను ఇక్కడి శాశ్వత నివాసినని తహసీల్దారు ఇచ్చే రెసిడెంట్ సర్టిఫికెట్ నాకు ప్రాణం లాంటిది. 2024లో నేను దాన్ని పట్టించుకోలేదు. ర్యాంకు వచ్చాక చూసుకోవచ్చు అనుకున్నాను. ఒకవేళ ర్యాంకు వచ్చి ఉన్నా ఆ ఏడాది కాగితం లేక సీటు పోగొట్టుకునేదాన్నని ఇప్పుడు తెలుస్తోంది.

నవంబరులో ఒక శనివారం జన సేవా కేంద్రంలో దరఖాస్తు పెట్టాను. ఆర్.ఐ. (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) విచారణకు వచ్చినప్పుడు ఇల్లు తాత పేరున ఉంది, తాత పేరు పట్టాలో ఒకలా, నాన్న ఓటరు కార్డులో మరోలా ఉంది. అసలు ఈ పేర్ల గొడవ మా వైపు ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. ఒడియా స్కూల్లో మాస్టారు నా ఇంటిపేరును పేరు చివర రాశారు. శ్రీకాకుళం కళాశాలలో అదే ఇంటిపేరు ముందుకొచ్చి ఒక్క అక్షరమై కూర్చుంది. ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు ముందుంది. నాన్న పేరులో ‘రావు’ ఒడియా రికార్డుల్లో ఒక స్పెల్లింగ్‌తో, ఇంటర్ మెమోలో మరో స్పెల్లింగ్‌తో ఉంది. మూడు కాగితాలు పక్కపక్కన పెడితే ముగ్గురు అమ్మాయిలు, ఇద్దరు తండ్రులు కనిపించేవారు. నీట్ ఫారంలో పదో తరగతి సర్టిఫికెట్ ప్రకారమే పేరు ఉండాలి కాబట్టి దాన్నే మూలంగా పెట్టుకుని ఆధార్‌ను దానికి తగ్గట్టు మార్పించాను. ఇంటర్ మెమోలోని పేరు, ఈ పేరు ఒక్కరివేనని నోటరీ అఫిడవిట్ రాయించాను. పట్టాకు సంబంధించి నాన్న రెండు రోజులు మిల్లుకు సెలవు పెట్టారు. రెసిడెంట్ సర్టిఫికెట్ జనవరి రెండో వారంలో చేతికొచ్చింది. మొత్తం ఏడుసార్లు తిరిగాం. ఆ ఏడుసార్లూ పరీక్షకు దూరంగా ఉన్న నెలల్లో పడ్డాయి కాబట్టి సరిపోయింది. అవే జూలైలో పడి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి కూడా ఇష్టం లేదు.

కులం సర్టిఫికెట్ దగ్గర మరో ముడి ఉంది. మా కులం ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన తరగతుల జాబితాలో ఉంది. ఒడిశాకు సంబంధించిన కేంద్ర ఓబీసీ జాబితాలో ఆ పేరుతో లేదు. ఆ జాబితా రాష్ట్రానికో రకంగా ఉంటుందని, తండ్రి నివాసం ఏ రాష్ట్రమో ఆ రాష్ట్రపు జాబితాయే చూస్తారని నాకు 2024 వరకు తెలియదు. పాతపట్నం చిన్నాన్న ప్రేమతోనే ఒక ఉపాయం చెప్పారు. తమ ఇంటి చిరునామా మీద అక్కడి నుంచి సర్టిఫికెట్ తీయిస్తానని, అందరూ చేసేదే అని. ఒక రాత్రంతా ఆలోచించాను, ఆలోచించలేదని అబద్ధం చెప్పను. ఒక చేత్తో ఒడిశా శాశ్వత నివాసినని, మరో చేత్తో ఆంధ్రా నివాసినని రెండు కాగితాలు ఒకే ఫైల్లో పెట్టి కౌన్సెలింగ్ బల్ల ముందు నిలబడటం ఎలా ఉంటుందో ఊహించుకుంటేనే గొంతు తడారిపోయింది. చేరాక ఎప్పుడు తేలినా ప్రవేశం రద్దవుతుంది, ఆ పైన కేసు కూడా. పొద్దున్నే చిన్నాన్నకు ఫోను చేసి వద్దన్నాను. ఆయన రెండు నెలలు నాతో మాట్లాడలేదు. నేను జనరల్ అభ్యర్థిగానే ఉండిపోయాను. దరఖాస్తు రుసుము 1,600కు బదులు 1,700 అయింది. ఆ వంద రూపాయల తేడా వెనుక ఎన్ని మార్కుల తేడా ఉందో రాసేవాళ్లకే తెలుసు.

ఇదే సందర్భంలో మరో మాట. మా వీధిలో తెలుగు మాధ్యమంలో చదివిన ఒక అమ్మాయి నీట్ ప్రశ్నపత్రం తెలుగులో ఉంటుందని విని ఒడిశాలో కేంద్రం పెట్టుకోబోయింది. పరీక్ష 13 భాషల్లో ఉన్న మాట నిజమే, అయితే తెలుగు పత్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రాల్లోనే ఇస్తారు. ఒడిశా కేంద్రాల్లో ఒడియా దొరుకుతుంది. సమాచార పత్రం చివరి దాకా చదవనివాళ్లకు ఇది పరీక్ష గదిలో తెలుస్తుంది.

2025 జనవరి చివర్లో పరీక్ష పద్ధతి మారిందన్న ప్రకటన వచ్చింది. అంతవరకు 200 ప్రశ్నల్లో 180 ఎంచుకునే వీలు ఉండేది, సమయం మూడు గంటల ఇరవై నిమిషాలు. ఇకమీదట 180 ప్రశ్నలూ తప్పనిసరి, సమయం మూడు గంటలే అన్నారు. నాలాంటి వాళ్లకు అది చిన్న దెబ్బ కాదు. ఫిజిక్స్ రెండో భాగంలో పదిహేనింటిలో నచ్చిన పది రాయడం మీద నేను ఏడాదిన్నరగా ఆధారపడ్డాను. నాలుగు రోజులు బెంగపెట్టుకుని, ఐదో రోజు నుంచి పాత పేపర్లను ఇరవై నిమిషాలు కోసి రాయడం మొదలుపెట్టాను.

ఫిబ్రవరి 7న దరఖాస్తులు మొదలయ్యాయి. నేను మొదటి వారంలోనే నింపాను. అందులో నాకు బాగా గుర్తున్నది వేలిముద్రలు. రెండు చేతుల పది వేళ్ల ముద్రలు తెల్ల కాగితం మీద వేసి, ఫొటో తీసి, చెప్పిన సైజుకు తగ్గించి ఎక్కించాలి. స్కూలు ఆఫీసులోని ఇంకు ప్యాడ్ అడిగి తెచ్చాను. రోజూ సుద్దముక్క పట్టిన బొటనవేలి మీద పొడి గీతల్లో ఇరుక్కుని ఇంకు సరిగ్గా అంటలేదు, ముద్ర మధ్యలో తెల్ల మచ్చలు వచ్చాయి. కొబ్బరి నూనె రాసి కడుక్కుని మళ్లీ వేస్తే ఇంకు అలుక్కుపోయింది. ఆరో కాగితం మీద కుదిరింది. మిగిలిన ఐదు కాగితాలనూ మామ్మ మడిచి దాచింది, ఎందుకని అడిగితే ‘దాట్టరమ్మ చేతులివి’ అంది. ఫారం నింపడం ఒక గంట పని అంటారు. నాకు రెండు సాయంత్రాలు పట్టింది. చిరునామా మూడుసార్లు, పుట్టిన తేదీ ఐదుసార్లు చూసుకుని, ఫారం ప్రింటు తీసి తారీఖు వేసి ఫైల్లో పెట్టేవరకు డబ్బు కట్టలేదు.

ఇప్పుడు బెడిసికొట్టిన సంగతి. స్కూల్లో చేరేటప్పుడు మధ్యలో మానేయకుండా పూచీగా పదో తరగతి ఒరిజినల్ తీసుకున్నారు. కళాశాల బీరువాను తప్పించుకున్న కాగితం స్కూలు బీరువాలోకి వెళ్లింది. అప్పుడు నాకది పెద్ద విషయంగా తోచలేదు, ఆ తెలివి తక్కువతనం నాదే. మార్చి చివర్లో వార్షిక పరీక్షలు ముగిశాయి, పేపర్లు దిద్ది మార్కులు అప్పజెప్పాను. సర్టిఫికెట్ అడిగితే ఏప్రిల్లో కొత్త తరగతులు మొదలవుతాయని, కొత్త టీచరు దొరికేవరకు రావాలని అన్నారు. పరీక్ష మే 4న. నేను ఇచ్చిన మాట మార్చి వరకే. ఆఫీసు గదిలో అరగంట నిలబడ్డాను. మర్యాదగా అడిగాను, కొంచెం ఏడ్చాను కూడా. ఆఖరికి పది రోజులు వచ్చి, ఏడో తరగతి మొదటి పాఠం పూర్తి చేసి వెళ్లేలా ఒప్పందం కుదిరింది. ఆ పది రోజులు నావి కావని ఇప్పటికీ కోపంగానే ఉంది. చివరి నెల జీతంలో సగం ఇంకా రాలేదు. అయినా పిల్లలకు పాఠం చెప్పకుండా ఊరికే కూర్చోలేకపోయాను. మొక్కలు ఆహారం ఎలా తయారుచేసుకుంటాయో అడిగిన పిల్లకు జవాబు చెబుతూ చెబుతూ నేను మరిచిపోయిన ఒక మెట్టును అక్కడే గుర్తు చేసుకున్నాను.

ఏప్రిల్ మిగతా రోజుల గురించి చెప్పేదేమీ లేదు. చదివాను, రాశాను, దిద్దుకున్నాను. మామ్మ పుండు మార్చిలోనే మూసుకుపోయింది, కానీ మడమ పక్కన మరో చిన్నది మొదలైంది.

పరీక్ష బరంపురంలో. ముందు రోజే రైల్లో నౌపడ, పలాస మీదుగా వెళ్లి అమ్మ పిన్ని ఇంట్లో దిగాం. మధ్యాహ్నం ఒకటిన్నరకు గేటు మూసేస్తారు కాబట్టి పదకొండున్నరకే వెళ్లి ఎండలో నిలబడ్డాను. ఆ ఏడాది ఫిజిక్స్ ఎలా వచ్చిందో రాసినవాళ్లకు వివరించనక్కర్లేదు. మొదటి పేజీ చూసి చేతులు చల్లబడ్డాయి. బయాలజీ ముందు పూర్తి చేసి, కెమిస్ట్రీ చేసి, చివర్లో ఫిజిక్స్‌కు వచ్చేసరికి యాభై ఐదు నిమిషాలు మిగిలాయి. తప్పుకు ఒక మార్కు పోతుంది కనుక ఊహించి గుండ్రాలు నింపకూడదని ఏడాదంతా నాకు నేను చెప్పుకున్నాను. అక్కడ పదమూడు ప్రశ్నలు ఖాళీగా వదిలేయడం అన్నిటికంటే కష్టమైన పని. నలభై ఐదింటిలో ముప్పై రెండు రాశాను, ఇరవై నాలుగు సరైనవి. బయటికి వచ్చి నాన్నతో ‘పోయింది’ అన్నాను. ఆయన కొబ్బరి బొండాం కొట్టించి చేతికిచ్చారు.

జూన్ 14న ఫలితం వచ్చింది. 523. కిందటి ఏడాది కంటే 25 మార్కులు తక్కువ. మా వీధిలో ఈ వార్త ఎలా తిరిగిందో చెప్పాలి. ‘ఏడాది కూకుని సదివితే మార్కులు తగ్గాయట’ అని పరామర్శకు వచ్చినవాళ్లున్నారు. ఆ ఏడాది దేశంలో మొదటి ర్యాంకు వచ్చిన అభ్యర్థికే 686 మార్కులని, అందరికీ తగ్గాయని, నా ర్యాంకు లక్ష దాటినది కాస్తా నలభై వేల లోపుకు వచ్చిందని అమ్మ గుమ్మంలో నిలబడి అందరికీ చెప్పింది. నమ్మినవాళ్లు తక్కువ. మార్కులు అందరికీ అర్థమవుతాయి, ర్యాంకు అర్థం కావాలంటే పక్కవాడి మార్కులు కూడా తెలియాలి.

ఆ తరువాత కౌన్సెలింగ్ రెండు చోట్ల. అఖిల భారత కోటాలోని 15 శాతం సీట్లకు కేంద్రం తరఫున కౌన్సెలింగ్ జరిపే ఎంసీసీ దగ్గర జనరల్ అభ్యర్థికి రిజిస్ట్రేషన్ 1,000 రూపాయలు, డిపాజిట్ 10,000. డిపాజిట్ తిరిగి వచ్చే డబ్బే అయినా మా ఇంట్లో పదకొండు వేలు ఒక్కసారిగా కట్టడం మామూలు విషయం కాదు, దాని కోసమే జనవరి, ఫిబ్రవరి జీతాలు ముట్టుకోలేదు. మొదటి విడతలో సీటు వచ్చినా చేరకుండా తప్పుకోవచ్చు, రెండో విడతలో వచ్చి చేరకపోతే ఆ డిపాజిట్ పోతుంది. ఈ రెండు వాక్యాలు అట్ట మీద రాసి గోడకు తగిలించాను, తొందరలో ఎవరైనా ఏదైనా నొక్కేస్తారేమోనని. అక్కడ నాకు అంచు దాకా వచ్చి అందలేదు.

రాష్ట్ర కౌన్సెలింగ్‌లో ఐచ్ఛికాలు ఇవ్వడానికి నాన్న, నేను ఒక రాత్రి కూర్చున్నాం. మొదట బరంపురం ఎంకేసీజీ పెట్టమన్నారు ఆయన. 1962లో మొదలైన ఆ కళాశాలకు పేరు మా పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతిది కనుక మన రాజుగారి కాలేజీ అంటారు మా వాళ్లు. ఇంటికి దగ్గర కూడా. నేను దాన్నీ, కటక్‌నూ పైన పెట్టి, కింద కొత్త కళాశాలలన్నీ ఒక్కటి కూడా వదలకుండా నింపాను. పై నుంచి కిందికి నిజంగా ఇష్టమైన వరుసలో పెట్టాలి తప్ప, ఏది వస్తుందో ఊహించి పెట్టకూడదని నా అభిప్రాయం. పైన రాని సీటు పెట్టినంత మాత్రాన కింద వచ్చే సీటు పోదు. ఇది అర్థం కాక మంచి ర్యాంకుతో చిన్న జాబితా ఇచ్చి ఖాళీ చేతులతో మిగిలినవాళ్లను చూశాను.

కాగితాల పరిశీలన రోజున నా ఫైల్లో పదిహేడు కాగితాలున్నాయి. ఒడియా భాష చదివినట్టు రుజువు అడిగారు, పదో తరగతి మార్కుల పత్రం చూపించాను. ఇంటర్ బోర్డు మైగ్రేషన్ సర్టిఫికెట్, పేర్ల అఫిడవిట్, రెసిడెంట్ సర్టిఫికెట్, ఒక్కొక్కటీ అడగక ముందే చేతికందాయి. బల్ల అవతల ఉన్నాయన ఒక చోట ఆగారు. గ్యాప్ అఫిడవిట్.

దాని కథ అంతకు వారం క్రితం జరిగింది. 2024లో ఇంటర్ అయ్యాక 2025 వరకు ఏ కళాశాలలోనూ చేరలేదని, ఏ నేరంలోనూ లేనని స్టాంపు పేపరు మీద నోటరీతో రాయించుకోవాలి. కోర్టు దగ్గర టైపు చేసే పెద్దాయనకు ఇలాంటివి వందల సంఖ్యలో చేసిన అలవాటు. నేను కూర్చునేలోపే టకటకా కొట్టి చేతిలో పెట్టారు. ఇంగ్లీషులో ఉంది. మధ్యలో, నేను ఆ ఏడాది ఇంటి దగ్గర పని లేకుండా ఖాళీగా ఉన్నానన్న అర్థం వచ్చే వాక్యం ఉంది. అందరికీ అదే వాక్యమని ఆయన అన్నారు. ఇంటి వద్ద ఉండి ప్రవేశ పరీక్షకు సిద్ధమయ్యానని రాయమన్నాను. మరో స్టాంపు పేపరుకు డబ్బవుతుందన్నారు. ఇచ్చాను. పక్కన నిలబడిన నాన్న ఏమీ అనలేదు, జేబులోంచి కళ్లజోడు తీసి రెండో కాగితం ఆసాంతం తానే చదివారు. పరిశీలన బల్ల దగ్గర ఆగిన ఆయన కూడా దాన్ని చదివి, సంతకం తేదీ చూసి, పక్కన పెట్టి తరువాతి కాగితం అడిగారు.

రెండో విడతలో కోరాపుట్‌లోని షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాలలో సీటు వచ్చింది. గుణుపురం, రాయగడ మీదుగా బస్సులో ఒక పూటంతా పట్టే దూరం. ‘ఇంక ఎళ్లీలోగా ఖాళీయే గదా’ అని పెద్దమ్మ మళ్లీ పాసు పుస్తకం పట్టుకొచ్చింది. ఈసారి వెళ్లాను.

బయలుదేరే ముందు ఆదివారం మామ్మ మడమకు కట్టు తమ్ముడి చేత కట్టించాను. వాడు తొమ్మిదో తరగతి. చేతులు రెండుసార్లు కడిగించాను. నేను పీట మీద కూర్చుని, చేతులు వెనక్కి కట్టుకుని, వాడు పాత గుడ్డను సెలైన్‌తో తడపడం చూశాను. అది నానకముందే వాడి వేళ్లు అంచు దగ్గరికి వెళ్లాయి. ఆగమన్నాను. ఎంతసేపని అడిగాడు. నూరు లెక్కపెట్టమన్నాను. మామ్మ వాడితో పాటు పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.